హ్యాంగర్‌లో తగిలిన దెబ్బకు లెక్క ఎక్కడ?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ డైరెక్టర్ జనరల్ గారికి, దేశంలోని విమాన శిక్షణ సంస్థల నిర్వాహకులందరికీ నమస్కారాలతో రాయునది.

నేను ఇరవై ఎనిమిదేళ్లపాటు చిన్న శిక్షణ విమానాల బాగోగులు చూసి, ఈ మధ్యనే పదవీ విరమణ చేసిన ఏఎంఈని (విమాన నిర్వహణ ఇంజినీరుని). నా సర్వీసులో ఎక్కువ భాగం సెస్నా 152, సెస్నా 172 విమానాల చుట్టూ, చివరి కొన్నేళ్లు టెక్నామ్, డైమండ్ విమానాల చుట్టూ గడిచింది. పెద్ద జెట్ విమానం మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. కాబట్టి ఇక్కడ రాసేదంతా రెండు సీట్లో నాలుగు సీట్లో ఉండే విమానాల గురించి, అదీ అవి గాల్లో ఉన్నప్పటి సంగతి కాక, నేల మీద వాటిని తోసేటప్పుడు, లాగేటప్పుడు, తాళ్లతో కట్టేటప్పుడు, స్టార్టు చేసేటప్పుడు జరిగే ప్రమాదాల గురించి. తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మంత్రిగారు శ్రీకాకుళం బిడ్డ అన్నది ఒక కారణమే గానీ అసలు కారణం వేరు. నేను పనిచేసిన చోటల్లా విమానాన్ని తోసినవాళ్లు తెలుగువాళ్లు. వాళ్ల పనికి సంబంధించిన సూచన ఒక్కటి కూడా నాకు తెలుగులో కనబడలేదు.

ఒక మే నెల సాయంత్రం జరిగినదానితో మొదలుపెడతాను. ఏ సంస్థో చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు. పడమట మబ్బు కమ్ముకొచ్చి గాలి దుమ్ము లేపుతుంటే, బయట ఉన్న ఆరు విమానాలను ఉరుకుల పరుగుల మీద లోపలికి చేరుస్తున్నారు. అయిదింటికి సరిపోయే హ్యాంగర్ (విమానాలను ఉంచే షెడ్డు) అది. ఆఖరి 152ను నలుగురు కలిసి తోక ముందుగా లోపలికి నెడుతున్నారు. ముక్కు దగ్గర టో బార్ (ముందుచక్రానికి తగిలించి విమానాన్ని తిప్పే కడ్డీ) పట్టుకున్న కుర్రాడికి పంతొమ్మిదేళ్లు, పనిలో చేరి మూడు వారాలు. అతని కళ్లు ముందుచక్రం మీద ఉన్నాయి. రెక్క కొసల దగ్గర మనుషులు లేరు. చక్రాన్ని కాస్త ఎక్కువగా తిప్పేసరికి ఎడమ రెక్క కొస ఇనుప తలుపు అంచుకు తగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఖాళీ రేకు డబ్బాను గోటితో మీటినట్టు 'టప్'మని ఒక్కసారి వినిపించింది. సూపర్‌వైజరు వచ్చి, పెచ్చు లేచిన పెయింటును బొటనవేలితో రుద్ది చూసి, "ఏం కాలేదు, నెట్టండి" అన్నాడు. నేను పది గజాల దూరంలో బెంచీ దగ్గర కార్బురేటర్ విప్పుకుని కూర్చున్నాను. ఆ చప్పుడు విన్నాను. లేవలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఒక విద్యార్థిని విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేసుకుంటూ (మేము దాన్ని ప్రదక్షిణ అనేవాళ్లం), ఎడమ ఐలెరాన్‌ను (రెక్క వెనక అంచున ఆడే పలకను) పట్టుకుని పైకీ కిందికీ ఆడించి, "సార్, దీనికి ఇంత లూజు మామూలేనా?" అని నన్ను పిలిచింది. విప్పి చూస్తే దాన్ని రెక్కకు పట్టి ఉంచే బయటివైపు హింజ్ బ్రాకెట్ మూలలో గోరంత పగులు ఉంది. తలుపు తగిలింది రెక్క చివరనే అయినా ఆ ఒత్తిడి వెళ్లి పడింది బ్రాకెట్ మీద. ఆ అమ్మాయి అడగకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. విమానం పదకొండు రోజులు ఎగరలేదు. లాగ్‌బుక్‌లో "తనిఖీలో హింజ్ బ్రాకెట్‌కు పగులు గమనించి, మార్చడమైనది" అన్న వాక్యం పడింది. ఎందుకు పగిలిందో అందులో లేదు. ఆ వాక్యం కింద సంతకం నాదే. టో బార్ పట్టిన కుర్రాడికి అదే రోజు లెక్క కట్టి ఇంటికి పంపేశారు. వారం తిరగకముందే ఇంకో కుర్రాడు వచ్చి అదే టో బార్ పట్టుకున్నాడు. తన ముందువాడి చేతుల్లో ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

సంతకం పెట్టినప్పుడు నేను ఏ నిబంధననూ దాటినట్టు నాకు అనిపించలేదు. అదే ఇక్కడి అసలు చిక్కు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పదమూడో అనుబంధంలో 'ప్రమాదం' అనే మాటకు ఒక నిర్వచనం ఉంది, మన దేశపు 2017 దర్యాప్తు నిబంధనలూ దాన్నే తీసుకున్నాయి. ఎగిరే ఉద్దేశంతో ఒక మనిషి విమానం ఎక్కినప్పటి నుంచి, అలా ఎక్కినవాళ్లందరూ దిగిపోయే వరకు జరిగినదే ప్రమాదం. సాయంత్రం హ్యాంగర్‌లోకి తోస్తున్న విమానంలో ఎగిరే ఉద్దేశంతో ఎక్కినవాళ్లు ఎవరుంటారు? ఆ విమానం రెక్క విరిగినా, తోక వంగినా నిర్వచనం ప్రకారం అది ప్రమాదం కాదు.

అదే నిర్వచనం ఇంకొంత ముందుకు వెళ్లి, కొన్ని భాగాలకే పరిమితమైన నష్టాన్ని ప్రమాదం లెక్కలోంచి మినహాయిస్తుంది. ఆ మినహాయింపుల జాబితాను ఒకసారి చదవమని మిమ్మల్ని వినయంగా కోరుతున్నాను: ఒక్క ఇంజిన్, దాని కౌలింగ్ (పై మూత), ప్రొపెల్లర్, రెక్క కొసలు, యాంటెన్నాలు, ప్రోబ్‌లు, టైర్లు, బ్రేకులు, చక్రాలు, ఫెయిరింగులు, విండ్‌షీల్డు, రేకు మీద చిన్న సొట్టలు. పెద్ద విమానాల విషయంలో ఈ మినహాయింపు సబబే, ఒక టైరు పేలినంత మాత్రాన జాతీయ స్థాయి దర్యాప్తు అక్కర్లేదు. కానీ శిక్షణ విమానానికి నేల మీద దెబ్బ తగిలే చోట్లు ఏవి అని నన్నడిగితే, నేను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పే పేర్లు దాదాపు అవే. ఒక చిన్న విమానంలో హ్యాంగర్ తలుపు తాకగలిగిన భాగాలన్నీ ఏరి, వాటిని లెక్కలోంచి తీసేసినట్టుంది.

ఇలాంటి సంఘటనలను తెలియజేయాలన్న మాట మీ సర్క్యులర్లలో ఎక్కడా లేదని నేననను. పెద్ద విమానాశ్రయంలో ఒక బస్సు వెళ్లి ఎయిర్‌బస్‌కు రాసుకుంటే నిమిషాల్లో ఫోటోలు తీసేవాళ్లు, రాసేవాళ్లు, అడిగేవాళ్లు ఉంటారు. బయటి కన్ను పడని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో, సాయంత్రం ఆరు తర్వాత సంస్థ మనుషులు తప్ప మరొకరు ఉండని చోట, ఆ సర్క్యులర్ ఫైలులోనే ఉంటుంది. దాచిపెట్టాలని చెప్పే కారణాలు మాత్రం చుట్టూ ఉంటాయి. సీపీఎల్ (వాణిజ్య పైలట్ లైసెన్సు) కోసం మన దేశంలో 200 గంటలు ఎగరాలి. విమానం ఒక రోజు ఆగితే ఎనిమిది మంది విద్యార్థుల గంటలు ఆగుతాయి. ఆ విద్యార్థుల్లో పొలం తాకట్టు పెట్టి వచ్చినవాళ్లు నాకు తెలుసు, వాళ్ల ముందు నిలబడి "ఈ వారం విమానం లేదమ్మా" అనడం తేలిక కాదు. బీమా వాళ్లకు చెబితే వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది. 2025 నుంచి డీజీసీఏ శిక్షణ సంస్థలకు ర్యాంకులు ఇస్తోంది, అందులో భద్రతకూ వాటా ఉంది. అది మంచి పనే. కానీ ఉన్నది ఉన్నట్టు రాసినవాడికి మార్కులు తగ్గి, రుద్ది పెయింటు వేసినవాడికి నిలిచే పరిస్థితి ఉన్నంత కాలం ఆ ర్యాంకు దేన్ని కొలుస్తున్నదో ఒకసారి ఆలోచించాలి.

దాచడం వల్ల వచ్చే నష్టం డబ్బు నష్టం మాత్రమే అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాను. ప్రొపెల్లర్ సంగతి చూడండి. 152లోనూ 172లోనూ ఉండేది లైకమింగ్ ఇంజిన్. ప్రొపెల్లర్‌కు దెబ్బ తగిలితే ఏం చేయాలో ఆ కంపెనీ స్పష్టంగా చెప్పింది. క్రాంక్‌షాఫ్ట్ వెనుక గేరును పట్టి ఉంచే బోల్టును విప్పి చూడాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2004లో తప్పనిసరి ఆదేశమే ఇచ్చింది. ఆ గేరు జారితే ఇంజిన్ ఆగిపోతుంది. మన మెకానిక్కులలో చాలామంది అనుకునేది ఏమిటంటే, ఇంజిన్ తిరుగుతుండగా బ్లేడు నేలకు తగిలితేనే అది ప్రాప్ స్ట్రైక్ (ప్రొపెల్లర్‌కు తగిలిన దెబ్బ) అని. కంపెనీ మాట అది కాదు. ఇంజిన్ ఆగి ఉన్నా సరే, తలుపు వచ్చి బ్లేడుకు కొట్టుకున్నా సరే, ఆ బ్లేడుకు ఆకురాయితో చిన్నగా సాపు చేయడం కన్నా ఎక్కువ మరమ్మతు అవసరమైతే అది ప్రాప్ స్ట్రైకే. గాలికి ఊగిన హ్యాంగర్ తలుపు రాత్రిపూట బ్లేడును వంచితే, పొద్దున ప్రొపెల్లర్ మార్చి ఇంజిన్‌ను ముట్టుకోకుండా వదిలేసిన సందర్భాలు నా ఎరుకలోనే ఉన్నాయి. దెబ్బ కాగితం మీదికి రాకపోతే, ఆరు నెలల తర్వాత ఆ ఇంజిన్ ముందు నిలబడే ఇంజినీరుకు ఆ బోల్టును విప్పి చూడాలని ఎలా తోస్తుంది?

ఇక మనుషుల సంగతి. 172 ప్రొపెల్లర్ వ్యాసం 76 అంగుళాలు, అంటే రెండు మీటర్లకు కొంచెం తక్కువ. నేల మీద ఊరికే తిరుగుతున్నప్పుడు, నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర, బ్లేడు కొస గంటకు 360 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంటుంది. రెండు బ్లేడులు కాబట్టి ఒక చోటును సెకనుకు ముప్పై మూడు సార్లు దాటుతాయి. మామూలు నడకతో మనిషి ఆ వలయంలోకి అడుగుపెడితే, ఒక బ్లేడుకూ తర్వాతి బ్లేడుకూ మధ్య అతను కదిలేది మూడు నాలుగు సెంటీమీటర్లు. ఎండలో ఆ వలయం కంటికి కనబడదు, వెనకున్న గడ్డి, నీలాకాశం స్పష్టంగా కనబడుతుంటాయి. చెవులు ఇంజిన్ మోతకు అలవాటుపడిపోయి ఉంటాయి.

ఇంతటి వస్తువు తిరుగుతుండగానే మనం మనుషుల్ని దింపుతున్నాం, ఎక్కిస్తున్నాం. శిక్షణ సంస్థల్లో ఇది రోజూ జరిగే పని. విద్యార్థిని మొదటి సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) పంపేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఇంజిన్ ఆపకుండా తలుపు తీసి దిగిపోతాడు. ఆపితే మళ్లీ స్టార్టు చేయడానికి అయిదు నిమిషాలు పోతాయని, ఎండకు వేడెక్కిన ఇంజిన్ మొరాయిస్తుందని చెబుతారు. దిగేవాడికి ప్రాప్ ఎక్కడుందో తెలుసు. ఆయన దిగడం చూసి దూరం నుంచి వచ్చేవాళ్లకు తెలియదు. ఒకసారి మొదటి సోలో ఫోటో కోసం విద్యార్థి స్నేహితుడొకడు, ఫోను కళ్లకు అడ్డంగా పెట్టుకుని, ముక్కు వైపు నడుచుకుంటూ వచ్చాడు. కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. అతనికి కోపం వచ్చింది, చొక్కా గుండీ తెగిందని. నేను ఆ గుండీని వెతికి ఇచ్చాను గానీ దాని గురించి ఎక్కడా రాయలేదు. రాయడానికి పుస్తకం లేదు మరి.

ఆగి ఉన్న ప్రొపెల్లర్ కూడా నమ్మదగింది కాదు. సెస్నా ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు, తిప్పితే చాలు. స్విచ్ ఆఫ్ చేయడమంటే పీ-లీడ్ అనే చిన్న తీగ ద్వారా దాన్ని ఎర్త్ చేయడం. ఆ తీగ తెగితే తాళంచెవి మీ జేబులో ఉన్నా మ్యాగ్నెటో సజీవంగానే ఉంటుంది. పైగా దాంట్లో ఇంపల్స్ కప్లింగ్ అని ఒక స్ప్రింగు అమరిక ఉంది, దాని పనే నెమ్మదిగా తిరిగినప్పుడు కూడా గట్టి నిప్పురవ్వను ఇవ్వడం. ప్రాప్‌ను చేత్తో తిప్పితే వినబడే 'టిక్' శబ్దం అదే. సిలిండర్లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే, ఆ ఒక్క టిక్ చాలు. ఇప్పుడు మన సంస్థల్లో టెక్నామ్ విమానాలూ వచ్చాయి, వాటి రోటాక్స్ ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూడాలంటే ముందు ప్రాప్‌ను చేత్తో తిప్పి ట్యాంకులో గుడగుడ శబ్దం వచ్చే దాకా ఆగాలని మాన్యువలే చెబుతుంది. ఆ ఇంజిన్‌లో చేత్తో తిప్పే వేగానికి సాధారణంగా నిప్పురవ్వ పుట్టదు, అయినా స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకునే తిప్పాలి. అంటే ఒకే ఏప్రన్ (విమానాలు నిలిపే చప్టా) మీద, ఒకే హెల్పర్, పొద్దున ఆరు గంటలకు టెక్నామ్ దగ్గర మాన్యువల్ ప్రకారం చేసిన పనినే, ఆరుంపావుకు పక్కనున్న సెస్నా దగ్గర అలవాటు కొద్దీ చేస్తే చెయ్యి పోవచ్చు. ఈ తేడా అతనికి ఎవరు చెప్పాలి? పైలట్లకు డెడ్-కట్ పరీక్ష నేర్పుతారు: ఇంజిన్ ఆపే ముందు ఒక్క క్షణం స్విచ్ ఆఫ్ చేసి ఇంజిన్ నిజంగా చస్తోందో లేదో చూడమని. విద్యార్థికి తర్వాతి క్లాసు ఆలస్యమయ్యే రోజున మొదట ఎగిరిపోయే పరీక్ష అదే. దాని మీద ఆధారపడింది మాత్రం ఆ పరీక్ష పేరు కూడా వినని మనిషి వేళ్లు.

తోయడం అందరికీ తెలిసిన పనే అనుకుంటాం. కారు చెడిపోతే పదిమంది వచ్చి ఎక్కడ పడితే అక్కడ చెయ్యి వేసి తోస్తారు. విమానాన్ని అలా తోస్తే పాడవుతుంది. ప్రాప్ బ్లేడు పట్టుకుని లాగకూడదని, కంట్రోల్ సర్ఫేసుల (ఐలెరాన్ లాంటి కదిలే పలకల) మీద చెయ్యి వేసి తోయకూడదని సెస్నా పుస్తకంలో హెచ్చరిక ఉంది. ముక్కు లేపి తిప్పాలంటే తోక బొంగు మీద, స్టెబిలైజర్‌కు (తోక దగ్గరి అడ్డరెక్కకు) సరిగ్గా ముందున్న చోట నొక్కాలి. మన వాళ్లు స్టెబిలైజర్ మీదే బరువు వేస్తారు, ఎందుకంటే అది బల్లలాగా చదునుగా, నొక్కడానికి అనువుగా కనబడుతుంది. ఏళ్ల తరబడి అలా నొక్కితే లోపలి ముందు స్పార్ (అడ్డదూలం) చీలుతుంది. 172 ముందుచక్రాన్ని టో బార్‌తో అటూ ఇటూ ముప్పై డిగ్రీలకు మించి తిప్పకూడదు. మించితే లోపలి స్టాపులు విరుగుతాయి, ఆ తర్వాత రన్‌వే మీద ముక్కు వణకడం మొదలైతే ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థి ల్యాండింగును తిడతాడు. 172 రెక్కల పొడవు 36 అడుగులు. తోక వైపు తిరిగి టో బార్ పట్టుకున్నవాడు విమానాన్ని ముప్పై డిగ్రీలు తిప్పితే రెక్క కొస తొమ్మిది అడుగులు ప్రయాణం చేస్తుంది, తోక ఇంకో దిక్కుకు ఊడ్చుకుపోతుంది. అతనికి కనబడేది ఇంజిన్ కౌలింగ్ ఒక్కటే. పై రెక్క విమానాల్లో ఇంకో బాధ కూడా ఉంది, ఫ్లాపు (రెక్క వెనక కిందికి దిగే పలక) అంచు సరిగ్గా నుదుటి ఎత్తులో ఉంటుంది. అది తగిలి పడిన మచ్చను మేము సెస్నా బొట్టు అనేవాళ్లం. నాకూ ఒకటి ఉంది.

టో బార్‌ను ముందుచక్రానికి వదిలేసి స్టార్టు చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏ దేశపు ఏ ఫ్లయింగ్ క్లబ్బులో అడిగినా ఇలాంటి కథ ఒకటి వినబడుతుంది. ప్రాప్‌కూ నేలకూ మధ్య ఉన్న పదకొండు అంగుళాల్లో ఆ కడ్డీ పైకి లేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. టో బార్‌ను వదిలిన చేతికి విమానం నుంచి దూరంగా, పైలట్‌కు కనబడే చోట దాన్ని తగిలించే మేకు ఒకటి ఉండాలి. అంతే ఖర్చు.

గాలి గురించి మాత్రం తెలుగు నేలకు దగ్గరి సంగతి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణకూ రాయలసీమకూ వాతావరణ కేంద్రం గంటకు 50, 60 కిలోమీటర్ల ఈదురుగాలులని హెచ్చరిక ఇచ్చిన రోజున, మనం చెట్టు కొమ్మల గురించీ హోర్డింగుల గురించీ ఆలోచిస్తాం. 152, 172 లాంటి విమానం నిండు బరువుతో గంటకు సుమారు 90 కిలోమీటర్ల దగ్గర గాల్లో నిలబడగలదు. గాలి 60 ఉంటే, కోణం కలిసొచ్చినప్పుడు, రెక్క ఆ బరువులో దాదాపు సగం మోస్తుంది. ఖాళీగా నిలబెట్టిన విమానం ఆ నిండు బరువులో మూడింట రెండొంతులే ఉంటుంది. ఇంకొంచెం గాలి చాలు. అందుకే రెక్క కింది రింగులకు రెండు తాళ్లు, తోకకు ఒక తాడు, చక్రాలకు చాక్‌లు (అడ్డుపెట్టే దిమ్మెలు), స్టీరింగు కదలకుండా కంట్రోల్ లాక్. ఇందులో నేను చూసినది చాలాసార్లు ఇలా ఉండేది: తాళ్లు రింగుకు కాకుండా స్ట్రట్ (రెక్కకు ఆసరాగా ఉండే కడ్డీ) మధ్యలో కట్టి ఉంటాయి, చాక్‌ల స్థానంలో ఇటుకలు ఉంటాయి, పోయిన కంట్రోల్ లాక్ బదులు సీటు బెల్టును స్టీరింగుకు చుట్టి ఉంటుంది. తాడు నారదైతే తడిసి బిగుసుకుంటుందని తెలియక గట్టిగా బిగిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పునే దెబ్బతీసింది. అంత గాలికి ఏ తాడూ ఆగదు, ఒప్పుకుంటాను. నేనంటున్నది ప్రతి వేసవిలో పది పదిహేనుసార్లు వచ్చి అరగంటలో పోయే గాలి గురించి. ఆరింటిని అయిదింటి చోటులో కుక్కే తొందర మొదలయ్యేది కూడా ఆ గాలి వల్లనే.

పెట్రోలు గురించి ఒక్క మాట. సెస్నాకు పోసే ఏవ్‌గ్యాస్ నీలం రంగులో ఉంటుంది, డీజిల్ తరహా ఇంజిన్ ఉన్న డైమండ్ విమానాలకు పోసేది రంగు లేని జెట్ ఇంధనం. రెండు రకాల విమానాలూ పక్కపక్కనే నిలబడే ఏప్రన్ మీద తప్పు పైపు ఎత్తితే, నేల మీద నడిపినంతసేపూ అంతా బాగానే ఉండి, పైపుల్లో మిగిలిన పాత పెట్రోలు అయిపోయాక, టేకాఫ్ తర్వాత తెలుస్తుంది. ఇక్కడ మాత్రం సంస్థలు కొంత జాగ్రత్త తీసుకుంటున్నాయని నిజాయితీగా చెప్పాలి.

1935 అక్టోబరు 30న అమెరికాలో డేటన్ దగ్గర బోయింగ్ కంపెనీ కొత్త బాంబర్ నమూనా టేకాఫ్ అయిన వెంటనే కూలి, అందులోని వాళ్లలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. నేల మీద గాలికి తోక రేకులు కొట్టుకోకుండా వేసే తాళాన్ని తీయడం మరచిపోయారు. ఆ పొరపాటును ఒప్పుకుని, ఆ మతిమరుపు ఎంతటి నిపుణుడికైనా వస్తుందని గుర్తించిన తర్వాతే పైలట్ చేతికి చెక్‌లిస్టు వచ్చిందని మనం క్లాసుల్లో చెప్పుకుంటాం. పైలట్‌కు దొరికిన ఆ కాగితం తొంభై ఏళ్లయినా విమానాన్ని తోసే మనిషికి దొరకలేదు. మన లెక్కలో అతను ఎవరూ కాడు. పైలట్‌కు లైసెన్సు ఉంది, నాకు లైసెన్సు ఉంది, చివరికి రేడియోలో మాట్లాడడానికి కూడా లైసెన్సు ఉంది. రోజుకు ముప్పైసార్లు విమానాన్ని కదిలించే హెల్పర్‌ను కాంట్రాక్టరు పంపుతాడు, గేటు దగ్గర సంతకం చేయించుకుంటారు, చేతికి టో బార్ ఇస్తారు. ఎండ నలభై రెండు డిగ్రీలున్న రోజున ఏప్రన్ మీద అతని కాళ్లకు హవాయి చెప్పులుంటాయి. 2023లో రెండే ఎయిర్‌లైన్లు కలిసి దాదాపు వెయ్యి కొత్త విమానాలకు ఆర్డరు పెట్టాయి, వాటికి పైలట్లు కావాలంటే శిక్షణ విమానాలు పెరగాలి, హ్యాంగర్లు అంత త్వరగా పెరగవు. అయిదింటి చోటులో ఆరు కాదు, ఎనిమిది కూడా పడతాయి.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ఎగరడానికి ఎవరూ ఎక్కని వేళ శిక్షణ విమానానికి తగిలిన ప్రతి దెబ్బనూ, అది సొట్ట అయినా సరే, ఒక పేజీ ఫారంలో రాసి పంపే పద్ధతి పెట్టండి. అందులో ఏం జరిగింది, ఎక్కడ తగిలింది, ఎంతమంది తోస్తున్నారు, వెలుతురు, గాలి ఎలా ఉన్నాయి అని ఉంటే చాలు, తోసినవాడి పేరు వద్దు. పేరు అడిగితే ఆ ఫారం రాదు. నా ఇరవై ఎనిమిదేళ్ల అనుభవంలో ఏ ఒక్కదాని గురించైనా నాకు సందేహం లేదంటే ఇదే. వచ్చిన ఫారాలను ఏడాదికోసారి గుదిగుచ్చి, ఏ విమానంలో ఏ భాగానికి ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయో అన్ని సంస్థలకూ పంపండి. ర్యాంకింగులో ఫారాలు పంపిన సంస్థకు మార్కు తగ్గకుండా చూడండి. ఇరవై విమానాలున్న సంస్థ నుంచి ఏడాదంతా ఒక్క ఫారం కూడా రాకపోతే, తనిఖీ అధికారి ముందుగా వెళ్లవలసింది అక్కడికి.

తలుపు తెరవాలంటే ఇంజిన్ ఆగి ఉండాలన్న నియమం పెట్టండి, మొదటి సోలోకు కూడా మినహాయింపు ఇవ్వకండి. వేడి ఇంజిన్‌ను స్టార్టు చేయడం విద్యార్థికి రాకపోతే అతను సోలోకు సిద్ధంగా లేడన్నమాట. ప్రతి హ్యాంగర్‌లో ఏ రకం విమానాలు ఎన్ని పడతాయో కొలిచి, చక్రాల దారులు నేల మీద పెయింటుతో గీయించి, ఆ సంఖ్యను తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించమని నిర్వాహకులను కోరుతున్నాను. నిండిపోయిన తర్వాత వచ్చిన విమానాన్ని బయట సరిగ్గా కట్టండి. సరైన తాళ్లు, సరైన రింగులు ఉంటే ఆ మామూలు గాలికి అది బయటే క్షేమంగా ఉంటుంది, లోపలికి తోసే తొందరలో తగిలే దెబ్బ కన్నా అది నయం.

అన్నిటికన్నా ముందు, విమానం మీద చెయ్యి వేసే ప్రతి మనిషికీ రెండు రోజులు అతని భాషలో చెప్పి, చేయించి, ఒక ఏఎంఈ నోటిమాటగా పరీక్ష పెట్టి, ఏయే విమానాలను తోయవచ్చో రాసిన కార్డు ఇవ్వాలి. అతనికి చదువు రాకపోవచ్చు, బొమ్మలు వేయండి. నాగార్జునసాగర్ దగ్గర తెలుగులో, బారామతి దగ్గర మరాఠీలో, ఫుర్సత్‌గంజ్ దగ్గర హిందీలో అదే కార్డు ఉండాలి. సంస్థలు ఆ మనుషులను ఏడాదైనా ఉంచుకోవాలి; మూడు నెలలకోసారి మారే కాంట్రాక్టుతో నేర్పిందంతా గేటు దాటిపోతుంది.

తెలుగు కార్డును నాకు తోచినంతలో రాసి ఈ లేఖతో జతచేస్తున్నాను. ఒక వైపు ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ముట్టుకోకూడదో చూపే సెస్నా బొమ్మ, రెండో వైపు తొమ్మిది వాక్యాలు ఉన్నాయి. మొదటి వాక్యం ఇది: "రెండు రెక్కల కొసల దగ్గరా, తోక దగ్గరా మనిషి నిలబడే దాకా విమానాన్ని కదపవద్దు; 'ఆపు' అని ఎవరు అరిచినా, వాళ్లు చిన్నవాళ్లయినా, ఆగాలి." తొమ్మిదో వాక్యం రాయడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది: "తగిలితే చెప్పు, నిన్ను ఎవరూ పంపేయరు." ఆ వాక్యాన్ని కార్డు మీద అచ్చువేసే అధికారం నాకు లేదు. మీకుంది. మీరు అనుమతించకపోతే దాన్ని కొట్టివేసి మిగతా ఎనిమిదీ వాడుకోండి, పొరపాట్లుంటే దిద్దండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఏఎంఈ,
హైదరాబాద్